దొంగ సొత్తు చేతిలో ఉన్నంత మాత్రాన దొంగేనా?

ఆదివారం పొద్దున్నే చిక్‌పేట దాటి బీవీకే అయ్యంగార్ రోడ్డు వైపు నడిస్తే, పట్టాలు పరిచి పాత సామాను అమ్మేవాళ్లు వరసగా కనిపిస్తారు. బెంగళూరులో దానికి సండే బజార్ అని పేరు. చోర్ బజార్ అనేవాళ్లూ ఉన్నారు. పాత కెమెరాలు, డ్రిల్లింగ్ మెషిన్లు, జత తప్పిన స్పీకర్లు, చార్జర్ లేని ఫోన్లు. ఒకసారి అక్కడ ఒక ఫోను చేతిలోకి తీసుకున్నాను. స్క్రీన్ గార్డు ఒక మూల లేచి ఉంది. పక్కన బటన్ నొక్కితే వెలిగింది. వాల్‌పేపర్ మీద రెండేళ్ల పాప. అప్పుడే తలనీలాలు ఇచ్చినట్టుంది, గుండు నిండా గంధం. ధర అడక్కుండానే కింద పెట్టేశాను.

ఆ ఫోను ఎవరైనా అమ్ముకున్నదో, ఎవరి జేబులోంచైనా పోయిందో నాకు తెలియదు. పాత సామాను కొని, బాగు చేసి, నిజాయితీగా అమ్ముకుని బతికేవాళ్లు ఆ వీధిలో చాలామంది ఉన్నారు. కానీ ఒకవేళ అది దొంగ ఫోనే అయి, నేను దాన్ని కొని ఉంటే, చట్టం నన్ను ఏమని పిలుస్తుంది? దొంగ అనా? సాక్షి అనా? మోసపోయినవాడు అనా?

'దొరికితే దొంగ, దొరక్కపోతే దొర' అని మనవాళ్లు అంటూ ఉంటారు. బెంగళూరులో ఉద్యోగానికో చదువుకో వచ్చి పీజీల్లో ఉంటున్న మన పిల్లలకు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు పుట్టే టెన్షన్ అంతా ఈ సామెతలోదే. వస్తువు దొరికింది కాబట్టి ఇక దొంగ ముద్ర పడిపోయిందనుకుంటారు. చట్టంలో దొంగకూ దొరకూ మధ్య చాలా మెట్లున్నాయి. ఏ మెట్టు దగ్గర ఏం జరుగుతుందో విడదీసి చూస్తే భయం ఎంతవరకు సబబో తెలుస్తుంది.

నంబర్లు మారాయి, నేరం పాతదే

లాయర్లూ పోలీసులూ ఇప్పటికీ నోటి అలవాటుగా '411 కేసు' అంటారు. అది భారత శిక్షాస్మృతి, అంటే పాత ఐపీసీ నాటి నంబరు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 410 నుంచి 414 వరకు ఉన్న సెక్షన్లన్నీ ఇప్పుడు సెక్షన్ 317 కిందికి చేరాయి. పాత 411 ఇప్పుడు 317(2). ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది. కాబట్టి కోర్టుల్లో ఇంకొన్నేళ్లు రెండు నంబర్లూ వినబడతాయి.

ఎఫ్ఐఆర్‌లో దీని పక్కన ఇంకొన్ని నంబర్లు కూడా కనబడి గందరగోళ పెడతాయి. అనుమానం ఉన్న వస్తువును పోలీసులు స్వాధీనం చేసుకునే అధికారం, దర్యాప్తు, విచారణల పద్ధతి చెప్పే పాత సీఆర్పీసీలో 102, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 106. వారంటు లేని అరెస్టు పాత 41, ఇప్పుడు 35. వీటికి తోడు కర్ణాటకకు సొంతంగా ఒక చట్టం ఉంది. 1963 నాటి కర్ణాటక పోలీస్ చట్టం, అందులో సెక్షన్ 98. అసలు చిక్కు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. దాని దగ్గరికి వద్దాం.

ఏది దొంగ సొత్తు

దొంగతనం చేసిన వస్తువొక్కటే దొంగ సొత్తు అనుకుంటాం. చట్టం గీత ఇంకా పెద్దది. బెదిరించి గుంజుకున్నది, దోచుకున్నది, నమ్మి అప్పగిస్తే కాజేసింది, దొరికిన వస్తువును సొంతం చేసేసుకున్నది, ఇవన్నీ దొంగ సొత్తే. కొత్త చట్టం ఈ వరసలో మోసాన్ని కూడా చేర్చింది. వేరేవాళ్ల ఆధార్ కాపీతో ఈఎంఐ మీద ఫోను తీసుకుని, రెండో రోజే సీలు కూడా తీయకుండా అమ్మేశాడనుకోండి. ఆ ఫోను పాత లెక్కలో దొంగ సొత్తా కాదా అని వాదించుకోవడానికి చోటుండేది. ఇప్పుడు ఆ పేచీ లేదు.

సిటీ బస్సు సీటులో ఎవరో మర్చిపోయిన ఫోను తీసుకుని, ఎవరిదో కనుక్కునే ప్రయత్నమే చేయకుండా సిమ్ తీసి పారేసి అమ్మితే, అది కూడా ఈ గీత లోపలికే వస్తుంది. 'నేను దొంగతనం చేయలేదు, దొరికింది' అనే మాట అక్కడ సరిపోదు.

ఇంకో సంగతి. ఆ వస్తువు తిరిగి అసలు హక్కుదారు చేతికి చేరిన క్షణం నుంచి అది దొంగ సొత్తు కాదు. ఆ తర్వాత అది ఎవరి చేతికి వెళ్లినా ఈ సెక్షన్ దాని వెంట వెళ్లదు.

అనుమానం, సంజాయిషీ, ఎరుక

మొదటి మెట్టు అనుమానం. ఇది వస్తువుకు సంబంధించింది. చోరీ అయినట్టు ఫిర్యాదు ఉన్నా, దొంగ సొత్తేమోనని అనుమానం ఉన్నా పోలీసులు ఆ వస్తువును తీసుకోవచ్చు. మీరు అమాయకులైనా తీసుకోవచ్చు. ప్రతి ఫోనుకూ ఉండే గుర్తింపు నంబరు, అంటే ఐఎంఈఐ, పోయిన ఫోన్లను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వపు సీఈఐఆర్‌లో పోయినట్టు నమోదై ఉంటే, ఆ ఫోనులో కొత్త సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. ఫోన్ వస్తుంది, 'ఈ మొబైల్ మీకెక్కడిది' అని. చాలా కేసుల్లో కథ ఇక్కడితోనే ముగుస్తుంది. ఫోను సొంతదారుకు వెళ్తుంది, కొన్నవాడు ఎవరి దగ్గర కొన్నాడో చెప్పి సాక్షిగా మిగులుతాడు.

రెండో మెట్టు సంజాయిషీ. కర్ణాటక పోలీస్ చట్టం సెక్షన్ 98 చెప్పేది ఇది: దొంగ సొత్తో, మోసంతో సంపాదించిందో అని నమ్మడానికి కారణం ఉన్న వస్తువు ఎవరి దగ్గరైనా ఉన్నా, దాన్ని మోసుకెళ్తున్నా, అమ్మజూపినా, తాకట్టు పెట్టబోయినా, అది తన దగ్గరికి ఎలా వచ్చిందో మెజిస్ట్రేటుకు నమ్మకం కలిగేలా చెప్పలేకపోతే శిక్ష. ఈ సెక్షన్ ఎందుకుందో ఒక రాత్రిని ఊహించుకుంటే తెలుస్తుంది. తెల్లవారుజామున రెండు గంటలకు కళాసిపాళ్యలో ఒక మనిషి గోనె సంచిలో పద్నాలుగు ఫోన్లతో కనిపించాడు. ఏ ఫోనుకూ ఇంకా ఫిర్యాదు రాలేదు. ఎవరివో తెలియదు. సెక్షన్ 317 కింద నేరం రుజువు కావాలంటే అవి చోరీ సొత్తేనని ప్రాసిక్యూషన్ తేల్చాలి. సొంతదారే తెలియనప్పుడు ఆ పని కష్టం. ఆ ఖాళీని పూడ్చడానికే 98.

మూడో మెట్టు ఎరుక. 317(2) కింద దొంగ సొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ, దురుద్దేశంతో దాన్ని తీసుకోవడం లేదా ఉంచుకోవడం నేరం. మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం, నాన్ బెయిలబుల్ కూడా. అయితే గరిష్ఠ శిక్ష ఏడేళ్లలోపే కాబట్టి, అరెస్టు అవసరం లేనప్పుడు ముందు హాజరు నోటీసు ఇవ్వాలన్న నియమం దీనికీ వర్తిస్తుంది. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట గట్టిగా చెప్పింది.

రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ తేడా ఒక్క ప్రశ్నలో ఉంది. నమ్మడానికి కారణం ఎవరికి ఉండాలి? 98లో వస్తువును చూస్తే అది దొంగ సొత్తని నమ్మడానికి కారణం కనిపించాలి, దానికి మీరు జవాబు చెప్పాలి. 317లో ఆ కారణం మీ బుర్రలో ఉందని ప్రాసిక్యూషన్ చూపాలి. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం పుడుతోందని నా అభిప్రాయం.

ఒకే ల్యాప్‌టాప్, మూడు కథలు

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. హరి కడప కుర్రాడు, మారతహళ్లిలో తెలుగు పీజీలో ఉంటాడు. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాడు. అలాంటి మోడల్ వాడినది బజార్లో సుమారు ముప్ఫై అయిదు వేలు పలుకుతుంది. రెండు నెలల తర్వాత అది చోరీ అయిన ల్యాప్‌టాప్ అని తేలింది.

మొదటి కథలో హరి ఇరవై ఎనిమిది వేలకు కొన్నాడు. యూపీఐలో డబ్బు వేశాడు. అమ్మినవాడు బెల్లందూరులో తన ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర కలిశాడు, చార్జర్, బ్యాగు ఇచ్చాడు, పాత బిల్లు ఫొటో వాట్సాప్‌లో పంపాడు. ఆ బిల్లు నకిలీదని తర్వాత తెలిసింది. హరికి నమ్మడానికి కారణం ఉన్నదల్లా అది సక్రమమైన సరుకని. ల్యాప్‌టాప్ పోతుంది, నేరం మాత్రం నిలవదు.

రెండో కథలో ధర తొమ్మిది వేలు, నగదు. రాత్రి పదకొండింటికి పీజీ గేటు బయట బండి ఆపకుండానే బేరం. చార్జర్ లేదు. ఆన్ చేస్తే ఎవరిదో పేరు, పాస్‌వర్డ్ అడుగుతోంది, 'ఫార్మాట్ కొట్టించుకో' అన్నాడు అమ్మినవాడు. ల్యాప్‌టాప్ తిప్పి చూస్తే, కంపెనీలు అంటించే ఆస్తి నంబరు స్టిక్కర్ ఉండాల్సిన చోట బ్లేడుతో గీకిన గీతలు, వాటి మధ్య జిగురు ఇంకా వేలికి అంటుకుంటోంది. హరి 'నాకు తెలియదు' అని చెప్పవచ్చు. చట్టం తెలియడం ఒక్కటే అడగడం లేదు. ఆ జిగురు వేలికి అంటుకున్నప్పుడు మామూలు మనిషికి ఏమనిపించాలో అది అడుగుతోంది.

మూడో కథ నాకు అన్నిటికంటే ముఖ్యం, చాలామందికి తెలియనిది కూడా. హరి మొదటి కథలోలాగే సక్రమంగా కొన్నాడు. మూడు వారాల తర్వాత పీజీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. 'అన్నా, ఎవరికైనా నా ల్యాప్‌టాప్ కనిపిస్తే చెప్పండి. మూత మీద కుడి మూల సొట్ట ఉంటుంది, కె అక్షరం కీ ఊడిపోయి ఉంటుంది.' హరి తన ల్యాప్‌టాప్ చూసుకున్నాడు. సొట్ట ఉంది. కె కీ లేదు. ఫోను పక్కన పెట్టి ఊరుకున్నాడు, తర్వాతి వారం కొత్త కీ వేయించుకున్నాడు.

చట్టంలో 'తీసుకోవడం' పక్కనే 'ఉంచుకోవడం' అనే మాట ఉంది. తీసుకున్న రోజు మనసు శుభ్రంగా ఉన్నా, సంగతి తెలిసిన తర్వాత దురుద్దేశంతో ఉంచుకుంటే ఆ రోజు నుంచి నేరం మొదలవుతుంది. కొన్నప్పుడు నిర్దోషి, మెసేజ్ చదివాక కాదు. కొత్త కీ వేయించుకున్న బిల్లే అతనికి ఎదురు సాక్ష్యం కావచ్చు.

చవకగా వచ్చిందంటే తెలిసినట్టేనా

కారుచౌకగా వచ్చింది కాబట్టి దొంగ సొత్తని తెలిసే ఉంటుంది అన్నది పోలీసుల వాదనల్లో తరచుగా వినిపించేది. ధర ఒక ఆధారమే, కానీ అదొక్కటే చాలదు. మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక అప్పీలులో 2022లో సుప్రీంకోర్టు, వ్యాపారి వంటపాత్రలు తక్కువ ధరకు అమ్ముతున్నాడన్న ఒక్క కారణంతో అవి చోరీవని అతనికి తెలుసని తేల్చలేమంది. చోరీ సొత్తన్న ఎరుక ఉందని ప్రాసిక్యూషన్ నిరూపించాల్సిందేనని చెప్పింది.

ఇందులో న్యాయం ఉంది. పెళ్లి ఖర్చు మీదపడి బైకు సగం ధరకు అమ్ముకునేవాళ్లు, ఉద్యోగం పోయి ఊరికి వెళ్లిపోతూ ఫ్రిజ్ అయిదు వేలకు ఇచ్చేసేవాళ్లు ఈ ఊళ్లో ప్రతి నెలా ఉంటారు. నెలాఖరున పీజీ ఖాళీ చేసేవాళ్ల గ్రూపులు చూడండి, అక్కడ అన్నీ చవకే. కోర్టులు అందుకే ధరను విడిగా తూచవు. ధరతోపాటు వేళ, చోటు, నగదా కాదా, కాగితాలు, నంబర్లు చెరిపిన గుర్తులు, అడిగినప్పుడు మాట మార్చాడా అన్నది, వీటన్నిటినీ కలిపి చూస్తాయి. 'గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు' ప్రవర్తించడం కూడా ఈ లెక్కలోకి వస్తుంది, దాని బరువు తక్కువే. స్టేషన్‌లో తడబడని మనిషి ఎవరు?

'వెంటనే' అంటే ఎన్ని రోజులు

ఇక్కడ సాక్ష్య చట్టం కలుగజేసుకుంటుంది. పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 114, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 119. చోరీ జరిగిన వెంటనే ఆ సొత్తు ఎవరి దగ్గర దొరికితే, అది ఎలా వచ్చిందో చెప్పలేకపోతే, అతను దొంగ అయినా అయి ఉండాలి, దొంగ సొత్తని తెలిసి తీసుకున్నవాడైనా అయి ఉండాలి అని కోర్టు అనుకోవచ్చు. 'అనుకోవచ్చు' అన్న మాటే ఉంది, 'అనుకోవాలి' అని లేదు.

1872లో ఆ చట్టం రాసినప్పుడు పక్కనే ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒక దుకాణదారు గల్లాపెట్టెలో గుర్తు వేసిన రూపాయి దొరికింది. అది చోరీ అయి ఎంతోసేపు కాలేదు. ఆ రూపాయి ఎవరిచ్చారో అతను చెప్పలేడు. కానీ రోజంతా గల్లాలోకి రూపాయలు వస్తూనే ఉంటాయి కదా, కోర్టు ఆ సంగతి గమనించాలి. నూట యాభై ఏళ్ల నాటి ఆ గల్లాపెట్టె ఇప్పటికీ చట్టంలో అలాగే ఉంది. ఎస్పీ రోడ్డులో రోజుకు పాతిక పాత ర్యాములు, హార్డ్ డిస్కులు కొనే దుకాణదారుడికీ అదే పోలిక పనికొస్తుంది.

'వెంటనే' అన్నదానికి రోజుల లెక్క లేదు. వస్తువును బట్టి మారుతుంది. కర్ణాటక నుంచి వెళ్లిన ఒక హత్య కేసులో దాదాపు ఏడాది తర్వాత నగలు దొరికాయి. నిందితుడు అన్నాళ్లూ పరారీలో ఉన్నాడు, పైగా ఆ నగలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఇట్టే మారే రకం కావు, కాబట్టి ఏడాది ఎక్కువేం కాదని 1983లో సుప్రీంకోర్టు అంది. అదే ఫోనయితే? సండే బజార్‌లో ఒక ఫోను ఒక్క పూటలో మూడు చేతులు మారగలదు. వారం తర్వాత దొరికితే మూడో చేతిని దొంగ అనుకోవడానికి బలం తక్కువ.

ఎవరి చేతిలో ఉన్నట్టు

ఒక గదిలో ముగ్గురు ఉంటారు. మంచం కింద సూట్‌కేసులో చోరీ కెమెరా దొరికింది. ముగ్గురి దగ్గరా దొరికినట్టేనా? కాదు. వస్తువు ఉందని తెలిసి ఉండాలి, దాని మీద అజమాయిషీ ఉండాలి. సూట్‌కేసు తాళం ఎవరి దగ్గరుంది, పేరు ఎవరిది అన్నది చూస్తారు.

1950ల్లో సుప్రీంకోర్టు త్రింబక్ కేసులో నగలు పొలంలో దొరికాయి. ఆ పొలం ఎవరైనా వచ్చిపోగలిగిన బయలు. అలాంటి చోట నుంచి నిందితుడు తీసి చూపించినంత మాత్రాన అవి అతని స్వాధీనంలో ఉన్నాయని తేల్చడం కష్టమని కోర్టు అంది. ఆ తీర్పే ఇంకో లెక్క కూడా చెప్పింది: సొత్తు ఇతని దగ్గరుందని, అంతకుముందు వేరొకరి దగ్గర ఉండేదని, చోరీదని ఇతనికి తెలుసని, మూడూ రుజువు కావాలి.

ఇక్కడ మన తెలుగువాడి పేరొకటి దేశమంతా లాయర్ల నోట నానుతోంది. పులుకూరి కొట్టయ్య కేసు. స్వాతంత్ర్యానికి ముందు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా, అంటే అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు దాకా, వెళ్లిన హత్య కేసు అది. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. కానీ ఆ మాటల వల్ల ఒక వస్తువు దొరికితే, దానికి నేరుగా సంబంధించిన ముక్క వరకు చెల్లుతుంది. ఆ ముక్క ఎంతవరకు అన్నది కొట్టయ్య కేసు తేల్చింది. ఒకడు 'బైకు దొంగతనం చేసి హెచ్‌ఏఎల్ వెనక షెడ్డులో పెట్టాను' అన్నాడనుకోండి. షెడ్డులో పెట్టానన్నది, ఆ చోటు అతనికి తెలుసన్నది కోర్టు తీసుకుంటుంది. 'దొంగతనం చేసి' అన్న రెండు మాటలు తీసుకోదు.

రికవరీ రాసే కాగితాన్ని మన దగ్గర పంచనామా అంటాం, బెంగళూరులో మహజరు. అది కన్నడలో ఉంటుంది. మాట్లాడితే అర్థమైనా కన్నడ చదవడం రాని మన పిల్లలు, అందులో 'దొరికింది' అని ఉందో 'తీసి ఇచ్చాడు' అని ఉందో తెలియకుండానే సంతకం పెడతారు. ఆ రెండు మాటలకూ కోర్టులో ఎంత తేడా ఉందో పై పేరాల్లో చూశాం. కొత్త సురక్షా సంహిత సోదానూ స్వాధీనాన్నీ ఆడియో, వీడియోలో రికార్డు చేయాలంటోంది. నాకు ఈ మార్పు చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

తాకట్టు కొట్టులో పుస్తెలు

కేఆర్ పురంలో నడుచుకుంటూ వెళ్తున్న ఒకామె మెడలోంచి పుస్తెల తాడు తెంపుకుపోయారు అనుకుందాం. కొత్త న్యాయ సంహితలో ఇలా లాక్కుపోవడం విడిగా ఒక నేరం. లాక్కున్నవాడు మర్నాడు దాన్ని ఒక తాకట్టు కొట్టులో పెట్టి డబ్బు తీసుకున్నాడు. నెల తర్వాత దొరికాడు, కొట్టు చూపించాడు.

కొట్టు యజమాని పరిస్థితి ఏమిటన్నది అతని పుస్తకం మీద ఆధారపడి ఉంటుంది. 1961 నాటి కర్ణాటక తాకట్టు వ్యాపారుల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి, ప్రతి తాకట్టూ పుస్తకంలో రాయాలి, చీటీ ఇవ్వాలి. పేరు, చిరునామా, బరువు అన్నీ రాసి, ఆధార్ కాపీ తీసుకుని ఉంటే అతను చాలావరకు సాక్షి. పుస్తకంలో ఎక్కడా లేదు, పైగా ఒక మగవాడు ఒంటరిగా వచ్చి తెగిన పుస్తెల తాడు చేతిలో పెడితే ప్రశ్న అడగలేదు అంటే, నమ్మడానికి కారణం కళ్లెదుటే ఉన్నట్టు. ఇది ఒకసారి కాక మళ్లీ మళ్లీ జరిగిందని రుజువైతే అలవాటుగా దొంగ సొత్తుతో వ్యాపారం చేసినట్టు. అది 317(4), యావజ్జీవం గానీ పదేళ్ల దాకా జైలు గానీ. పోలీసుల భాషలో 'రిసీవర్' అంటే అసలు ఉద్దేశం వీళ్లే. బందిపోటు సొత్తని తెలిసి తీసుకున్నా శిక్ష అంతే పెద్దది.

మరి ఆ నగ ఆమెదేనని ఎలా తేలుతుంది? బంగారానికి ఐఎంఈఐ ఉండదు. కొత్త నగల మీద హాల్‌మార్క్‌తో ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య, హెచ్‌యూఐడీ, ఉంటుంది, అది నగను చెబుతుంది గానీ మనిషిని చెప్పదు. ఇక్కడ మన పుస్తెలే సాక్ష్యం చెబుతాయి. పుట్టింటివాళ్లు ఒకటి, అత్తింటివాళ్లు ఒకటి చేయిస్తారు. రెండు ఊళ్ల కంసాలులు పోసినవి కాబట్టి రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకటి కాస్త పలచన, ఒకదాని అంచు నొక్కు వేరు, మధ్యలో పగడం, పక్కన నల్లపూసలు. ఇరవై ఏళ్లు మెడలో వేసుకున్న ఆమె కళ్లు మూసుకుని వేలితో తడిమి చెప్పగలదు ఏది అమ్మవాళ్లదో. కరిగించి ముద్ద చేస్తే ఆ గుర్తులన్నీ పోతాయి. కరిగించిన కొట్టు మీద అనుమానం పెరిగేదీ అందుకే.

వ్యాపారుల వైపు నుంచి కూడా ఒక గోడు ఉంది. దొంగ ఎవరి కొట్టు చూపిస్తే వాళ్లే బాధ్యులవుతున్నారని, కరిగిపోయిన నగకు బదులు అంత బరువు బంగారం ఇవ్వమని ఒత్తిడి వస్తోందని వాళ్లు అంటారు. దొంగ మాట మీద తప్ప ఇంకే ఆధారం లేనప్పుడు ఆ గోడు కొట్టిపారేయదగ్గది కాదు. బాధితురాలి వైపు నుంచి చూస్తే, కొనేవాడు లేకపోతే ఆ పుస్తెలు లాక్కునేవాడే ఉండడన్నదీ అంతే నిజం.

కొన్న డబ్బు సంగతి

నేరం లేదని తేలినా వస్తువు మనది కాదు. తనకు లేని హక్కును ఎవరూ అమ్మలేరన్నది 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని మూలసూత్రం. మధ్యలో ఎన్ని చేతులు మారినా, చివరివాడు ఎంత నమ్మకంగా కొన్నా హక్కు అసలువాళ్లదే. కొన్నవాడు తన డబ్బు అమ్మినవాడి దగ్గర రాబట్టుకోవాలి. నేరం రుజువై, అరెస్టు సమయంలో దొంగ దగ్గర డబ్బు దొరికి ఉంటే, తెలియక కొన్నవాడికి ఆ డబ్బులోంచి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. దొంగ దగ్గర డబ్బు మిగిలి ఉండటం అరుదు, అది వేరే మాట.

సొంతదారుకు వస్తువు తిరిగి రావడం ఒకప్పుడు ఏళ్ల పని. స్టేషన్ ఆవరణలో తుప్పుపట్టిన బైకులు మనందరం చూసినవే. 2002లో సుందర్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు, ఫొటోలు, పంచనామా, పూచీకత్తు తీసుకుని వస్తువును త్వరగా ఇచ్చేయాలంది. కొత్త సురక్షా సంహిత దాన్ని గడువుగా మార్చింది. కోర్టు పద్నాలుగు రోజుల్లో వస్తువు వివరాల జాబితా తయారుచేసి, ఫొటో లేదా వీడియో తీయించి, ఆ తర్వాత ముప్ఫై రోజుల్లో ఎవరికివ్వాలో ఆదేశించాలి.

చెప్పాల్సింది ఎవరు

సెక్షన్ 98 లాంటివి న్యాయమేనా అన్న వాదన మన దగ్గరే కాదు, వేరే దేశాల్లోనూ ఉంది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో 1900 నాటి క్రైమ్స్ చట్టంలో 527సీ అనే సెక్షన్ ఉంది. అక్కడివాళ్లు 'గూడ్స్ ఇన్ కస్టడీ' అంటారు. చోరీదన్న సహేతుకమైన అనుమానం వస్తువు మీద ఉంటే చాలు, ఆరు నెలల దాకా జైలు, మోటారు వాహనమైతే ఏడాది దాకా. తనకు అనుమానించే కారణమే లేదని నిందితుడు కోర్టును ఒప్పిస్తే బయటపడతాడు.

ఇలాంటి చట్టం కావాలనేవాళ్ల మాట: వస్తువు ఎక్కడిదో ఉంచుకున్నవాడికే బాగా తెలుసు, చెప్పడం అతనికి రెండు నిమిషాల పని, పోలీసులకు అసాధ్యం. అలాంటి సెక్షన్ లేకపోతే సంచినిండా ఫోన్లతో దొరికినవాడు ఫిర్యాదులు రాలేదన్న కారణంతో ఇంటికి వెళ్లిపోతాడు.

వద్దనేవాళ్ల మాట: నేరం రుజువు చేయాల్సింది ప్రభుత్వం. తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పనక్కరలేదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతోంది. మౌనంగా ఉంటే శిక్ష అన్నది దానితో ఎలా పొసుగుతుంది?

కోర్టులు ఈ రెంటి మధ్యా ఒక దారి పట్టాయి. నిందితుడి సంజాయిషీ సందేహాతీతంగా రుజువు కానక్కరలేదు. నమ్మదగ్గదిగా, జరిగే వీలున్నదిగా ఉంటే సరిపోతుంది. ఆ తర్వాత అది అబద్ధమని చూపాల్సింది మళ్లీ ప్రాసిక్యూషనే. ఆచరణలో అంత సాఫీగా సాగకపోవచ్చు గానీ, సూత్రం మాత్రం ఇదే.

నాకు ఈ వాదనలో బాధ కలిగించేది ఒక మనిషి. కూలికి వచ్చిన మన సీమవాళ్లు, పాలమూరువాళ్లు కొందరు బెంగళూరులో పాత ఇళ్లు పడగొట్టే పనిలో ఉంటారు. మేస్త్రీ రోజు కూలితోపాటు ఒక్కోసారి గోడలోంచి లాగిన పాత వైరు ఇస్తాడు, తీసుకుపో అని. దాన్ని కాల్చి, పైపొర తీసి, రాగిని చుట్టగా చుట్టి సాయంత్రం పాత సామాను కొనే గుజరీ కొట్టుకు పట్టుకెళ్తాడు. నల్లబడిన రాగి చుట్ట చంకలో పెట్టుకుని వెళ్లే మనిషిని చూస్తే ఎవరికైనా కేబుల్ దొంగ అనిపిస్తుంది. అతని దగ్గర బిల్లు లేదు, యూపీఐ లేదు, వాట్సాప్ మెసేజ్ లేదు. చట్టంలో ఎక్కడా బిల్లు కావాలని లేదు. ఎలా వచ్చిందో చెప్పాలని ఉంది. 'మేస్త్రీ ఇచ్చాడు సార్, ఫలానా వీధిలో పాత ఇల్లు కొట్టాం' అన్న మాట సంజాయిషీయే. ఎవరో ఒకరు ఆ వీధి దాకా వెళ్లి, పడగొట్టిన ఇంటి గోడలో వైరు లాగిన గాడి ఉందో లేదో చూసి రావాలి.